పక్కన పెట్టిన ఛాయలు

గోడ నిండా మనుషులు నడుస్తూ ఉండేవారు. ముఖాలు లేని, బూడిదరంగు గీతల మనుషులు. ఒకాయన ఎడమకాలు ఈడుస్తూ మెట్లెక్కేవాడు. ఒకావిడ కుర్చీలోంచి లేవబోయి, ఆగి, మళ్ళీ ప్రయత్నించేది. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో వాళ్ళను ఛాయలు అనేవారు. పక్షవాతం వచ్చిన మనిషి ఒంటినిండా సెన్సర్లు అతికించి, కండరాల కదలిక, నరాల సంకేతం, తూలే తీరు అన్నీ పట్టి కంప్యూటర్‌లో తయారుచేసిన జంట శరీరమే ఛాయ. అసలు మనిషి ఎక్కడ తడబడతాడో ఛాయ కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది.

ఛాయలున్నది ఊతం కోసం. ఊతమంటే నడుము నుంచి మడమ దాకా కట్టుకునే సన్నటి యంత్రం. చచ్చుబడిన కాలు పంపే బలహీనమైన సంకేతాన్ని అందుకుని మోకాలిని అదే లేపుతుంది, అదే దించుతుంది. దాన్ని నడిపించే ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా ముందు ఛాయలకు కట్టి చూడాలి. ఛాయ పడిపోతే గోడమీద ఎరుపు. నిలబడితే పచ్చ.

ఈ పరీక్షలు రాసే విభాగానికి పెద్ద నూకరత్నం. ఆమె చేరిన కొత్తలో ఒక్క పరీక్ష రాయాలంటే ప్రాణం విసిగిపోయేది. ఛాయను పిలవాలి, ఊతం కట్టాలి, నేల పరచాలి, నడిపించాలి, పడిందో లేదో చూడాలి, ఊతం విప్పాలి, అన్నీ తుడిచెయ్యాలి. ప్రతి పరీక్షలోనూ అదే తంతు. అసలు అడగదలచుకున్న ప్రశ్న ఆ చెత్తలో ఎక్కడో కూరుకుపోయేది. దగ్గరుండి రోగులను నడిపించే ఫిజియోథెరపిస్టులకు ఆ రాతలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

అందుకని రత్నం కొత్త ప్రోగ్రామింగ్ భాష కట్టింది. పేరు వాక్కు. మాటలన్నీ తెలుగే. పరీక్ష నెత్తిన ఒక గుర్తు పెడితే చాలు, మిగతా తంతంతా భాషే చూసుకుంటుంది. @ముందు అంటే పరీక్షకు ముందు చెయ్యాల్సిన పనులు. @తర్వాత అంటే అయ్యాక సర్దాల్సినవి. @ఒక్కొక్కరితో అంటే ఆ ఛాయలందరినీ ఒకరి తర్వాత ఒకరిని పిలిచి నడిపించు అని. రెండు పేజీల రాత ఇలా మిగిలింది:

@ఒక్కొక్కరితో(మెట్లు దిగేవారు)
పరీక్ష మెట్లు_దిగడం(మనిషి):
మనిషి.దిగు(మెట్లు), పడకూడదు

ఫిజియోథెరపిస్టులు అది చదివి తామే పరీక్షలు రాయడం మొదలుపెట్టారు. ‘వర్షంలో గచ్చు’ అని ఒకరు రాస్తే, ‘చంకలో పిల్ల’ అని ఇంకొకరు రాశారు. రత్నానికి ఇంజనీరుగా అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. @పక్కన. ఊతంలో ఒక భాగం ఇంకా తయారుకాకముందే దాని పరీక్ష రాసి పెట్టుకుంటారు. ఆ భాగం వచ్చేదాకా పరీక్షను ఆపి ఉంచడానికి ఆ గుర్తు. రత్నం దానికి కట్టడి పెట్టింది. పక్కన పెట్టినవాళ్ళు కారణం రాయాలి, ఆ పరీక్ష గోడమీద పసుపురంగులో కనబడుతూ ఉండాలి.

*

రత్నాన్ని పెంచింది పైడమ్మ పిన్ని. అక్క పోయాక అక్క కూతుర్ని తెచ్చుకుని, తను పెళ్ళి మాట తలపెట్టకుండా విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరుగా పనిచేసింది. ఆవిడ విజిల్ ఊదితే గ్రౌండు పక్క రోడ్డుమీద సైకిళ్ళు కూడా ఆగేవని చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ పడిపోయింది. ఎడమకాలు, ఎడమచెయ్యి పోయాయి. రత్నం పెదవాల్తేరులోని తన ఇంటికి తెచ్చుకుంది.

ఛాయ కోసం మనుషులు కావాలన్నప్పుడు మొదట ఒప్పుకున్నవాళ్ళలో పైడమ్మ ఒకతె. ప్రయోగశాలలో బల్లమీద కూర్చుని, ఒంటినిండా అతికించిన సెన్సర్లను చూసుకుని నవ్వింది.

“ఏటే ఇది, ఒళ్ళంతా బొట్టుబిళ్ళలు అతికించీసినావు?”

“కదలకు పిన్నీ. ఊతంలో ఏది మార్చినా ముందు నీ ఛాయే నడుస్తుంది. అది పడిందంటే ఆ ఊతం నీ దాకా రాదు.”

“అంటే నా బదులు అది పడతాదన్నమాట.”

“అంతే.”

“పాపం” అంది పైడమ్మ, నిజంగానే జాలిపడుతూ.

ఊతం కట్టుకున్నాక పైడమ్మకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే రైతుబజారుకు వెళ్ళి పొట్లకాయ దగ్గర పేచీ పెట్టుకునేది. సాయంత్రం పార్కులో ఆడపిల్లలు త్రోబాల్ ఆడుతుంటే అడక్కుండానే అంపైరింగ్ చేసేది. ఒక్కటే ఇబ్బంది. పక్కకు తిరిగేటప్పుడు ఆవిడ ఎడమ పిక్క పట్టేసేది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి అలా అవుతుంది. ఊతం దాన్ని గుర్తుపట్టి, కాలిని కదపకుండా బిగించి ఆగేది. పట్టు వదిలాక మళ్ళీ నడిచేది.

వాక్కు పేరు బయటికి పాకింది. హైదరాబాదులో ఫిజియోథెరపిస్టులకు ఆ భాష నేర్పమని రత్నాన్ని పంపారు. ఆమె అక్కడుండగానే ఊతానికి కొత్త ప్రోగ్రాము వచ్చింది. నడక చురుగ్గా ఉంటుందట. ఏదో ప్రారంభోత్సవానికి పెద్దమనుషులు వస్తున్నారట. ఊతాలన్నీ వాటంతటవే కొత్త ప్రోగ్రామును అందుకున్నాయి. హైదరాబాదులో కూర్చుని రత్నం ఫోన్లో గోడ చూసుకుంది. నిండా పచ్చ. ఆమె తృప్తిగా ఫోను పక్కన పెట్టింది.

పైడమ్మ రైతుబజారులో పడింది. వెనక నుంచి ఎవరో “టీచరమ్మా” అని పిలిచారు. పాత శిష్యురాలు. పైడమ్మ చటుక్కున తిరిగింది. పిక్క పట్టేసింది. ఊతం ఆగలేదు, ఆ పట్టును అడుగనుకుని మోకాలు ఎత్తేసింది. తుంటి ఎముక విరిగింది.

*

రత్నం రైలు దిగి నేరుగా ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయింది. మంచం పక్కన బల్లమీద, ప్రయోగశాలను నడిపే కంపెనీవాళ్ళు ఇచ్చివెళ్ళిన కాగితం ఉంది. ‘వినియోగదారు పట్టీలు సరిగా బిగించుకోకపోవడం వల్ల’ అని దాంట్లో ఉంది.

పైడమ్మ గొంతు నీరసంగా ఉంది గాని కోపం నీరసంగా లేదు.

“నేను బెల్టు కట్టుకోలేదంటాడేటే? ఎంతమంది పిల్లలకి బూట్ల లేసులు కట్టడం నేర్పినాన్నేను? పడినందుకు ఏడుపు లేదు నాకు. అబద్ధమాడతాడేటి?”

“నేను చూస్తాను పిన్నీ.”

“చూడ్డం కాదు. అడుగు.”

రత్నం ప్రయోగశాలకు వెళ్ళి పిన్ని ఛాయను ఒక్కదాన్నే పిలిచింది. ‘పక్కకు తిరగడం’ పరీక్ష పెట్టింది. గోడమీద పచ్చరంగు వచ్చింది. కానీ ఛాయ కదల్లేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పచ్చ. ఛాయ నిలబడ్డచోటనే నిలబడి ఉంది.

నడవకుండానే నెగ్గిందా?

పరీక్ష తెరిచింది. దాని నెత్తిన తప్పు గుర్తేమీ లేదు. వాక్కులో తల్లి తరగతి అని ఒకటుంటుంది. ఒకేరకం బాధ ఉన్నవాళ్ళ ఛాయలన్నిటినీ దాని కింద చేరుస్తారు. తల్లిమీద పెట్టిన గుర్తు కిందున్న అందరికీ వర్తిస్తుంది. ఒకే మాట పదిచోట్ల రాయక్కర్లేకుండా రత్నమే అలా కట్టింది. ఆమె పైకి వెళ్ళి తల్లి తరగతి చూసింది.

@పక్కన(“తర్వాత చూద్దాం”)
తరగతి కండరాలు_పట్టేసేవారు

ఆ ఒక్క వరస కింద పైడమ్మ ఉంది. ఆవిడతోపాటు ఆ బాధ ఉన్న ప్రతి మనిషీ ఉన్నాడు. ఒక్కరి ఛాయ కూడా కొత్త ప్రోగ్రాముతో అడుగు వెయ్యలేదు. మరి పసుపురంగు ఏదీ? గోడకు రంగులు పంపే ప్రోగ్రాములో ఎవరో చెయ్యిపెట్టారు. ‘పసుపు అయితే పచ్చ చూపు.’

 రత్నం గుర్తు తీసేసి పరీక్ష నడిపింది.

గోడలో ఒక మూలంతా ఎర్రబడింది. అక్కడున్న ఛాయలు తిరగడం, మోకాలు ఎగరడం, కూలడం. పిన్ని ఛాయ మెడ తిప్పింది, ఎడమ మోకాలు లేచింది, ఎడమ తుంటిమీద పడింది. రైతుబజారులో పడ్డట్టే.

వెనక కిరీటి నిలబడి ఉన్నాడు. ఆమె విభాగంలోనే పనిచేసే ఇంజనీరు. 

“ఆ గుర్తు పెట్టింది నేనే మేడమ్.”

“ఎందుకు?”

“కొత్త ప్రోగ్రాముతో వీళ్ళంతా పడిపోయారు. చక్రధర్ సర్‌కి చూపించాను. తేదీ అనుకునేశాం, ఇప్పుడు కుదరదు, పక్కన పెట్టమన్నారు. పసుపు కనబడితే అనుమతి ఇచ్చే సంఘంవాళ్ళు లేనిపోని ప్రశ్నలు వేస్తారు, రంగులు రెండే చాలన్నారు.”

“నాకో ఫోను చెయ్యడానికి నీకేమైంది?”

“చేద్దామనే అనుకున్నాను మేడమ్” అని కిరీటి తల దించుకున్నాడు. “ఒక్క లైనే కదా అనిపించింది.”

*

ప్రయోగశాల అధిపతి డాక్టర్ చక్రధర్ మృదువుగా మాట్లాడే మనిషి. రత్నం తలుపు తోసుకుని లోపలికి వచ్చినా ఆయన గొంతు పెంచలేదు.

“కూర్చోండి రత్నంగారూ. మీ పిన్నిగారి విషయం విన్నాను. చాలా బాధపడ్డాను.”

“బెల్టు సరిగ్గా కట్టుకోలేదని మీరేగా రాయించారు? బాధపడుతూనే రాయించారా?”

“చూడండి, పరీక్షలు సులువు చెయ్యాలని పోరింది మీరే. ఆ వెసులుబాటు భాషలో పెట్టిందీ మీరే.”

“రాయడం సులువు చేశాను సర్. దాటెయ్యడం కాదు.”

చక్రధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఊతం కట్టుకున్నవాళ్ళలో చాలామంది ఇవాళ సుఖంగా తిరుగుతున్నారు. కండరం పట్టేసేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళ సమస్య తీరేదాకా మిగతా అందర్నీ మంచాలమీదే ఉంచమంటారా?”

“వద్దు. కానీ ఆ కొద్దిమందికీ పాత ప్రోగ్రామే ఉంచెయ్యొచ్చుగా?”

“రెండు రకాల ఊతాలకు అనుమతి రావాలంటే మళ్ళీ మొదటికొస్తుంది.”

“పోనీ వాళ్ళకి చెప్పారా? మీ ఛాయ పడిపోయింది, అయినా ఇదే పంపిస్తున్నాం, కట్టుకుంటారా మానేస్తారా అని ఒక్కమాట అడిగారా?”

“చెబితే ఎవరు కట్టుకుంటారండీ?”

ఆయన అది చాలా మామూలుగా అన్నాడు. చినుకులు పడుతుంటే గొడుగు వేసుకోరా అన్నంత మామూలుగా. ఆ మామూలుతనం చూశాకే రత్నానికి ఒళ్ళు మండిపోయింది. చేతికందిన పేపరువెయిటు తీసి విసరకుండా ఆపుకోవడానికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకోవాల్సి వచ్చింది.

“కట్టుకోరు. అందుకే చెప్పాలి” అంది. “అనుమతి ఇచ్చే సంఘం దగ్గరకు వెళ్తున్నాను నేను.”

“వెళ్ళండి. ఊతాలన్నీ ఆగిపోతాయి. ఇవాళ నడుస్తున్నవాళ్ళందరూ రేపు మిమ్మల్ని తిడతారు. ఆలోచించుకోండి.”

ఆమె ఆలోచించుకుంది. ఆ తిట్టు వస్తుందని ఆమెకూ తెలుసు. అయినా వెళ్ళింది.

*

వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే సంఘం విచారణ ప్రయోగశాలలోనే పెట్టారు. సంఘానికి పెద్ద సరస్వతీబాయి అనే ముసలి డాక్టరు. చక్రధర్ గోడ వెలిగించాడు. పచ్చ. ఎక్కడా మరక లేని పచ్చ. సభ్యులు తలలు ఊపారు.

రత్నం పిన్నిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. వద్దంటే పైడమ్మ వినలేదు.

“రంగులు కాదండీ, రాసింది చదవండి” అంది రత్నం, తెరమీద ఆ వరస పెట్టి. “తెలుగే.”

సరస్వతీబాయి ముందుకు వంగి పైకే చదివింది. “కండరాలు పట్టేసేవారు. పక్కన. తర్వాత చూద్దాం.” ఆవిడ చదవడం ఆపి చక్రధర్ వైపు చూసింది. “ఎవర్నండీ తర్వాత చూద్దామన్నారు?”

“నన్నేనండీ” అంది పైడమ్మ కుర్చీలోంచి. “తర్వాత చూద్దామన్నది నన్నే.”

చక్రధర్ అది ప్రోగ్రాము రాసుకునేవాళ్ళ పరిభాష అనీ, మనుషులకు సంబంధించింది కాదనీ చెప్పబోయాడు. సరస్వతీబాయి చెయ్యెత్తింది. “గుర్తు తీసేసి నడపండి.”

కిరీటి తీశాడు. సరైన మీట రెండోసారికి గాని దొరకలేదు.

ఛాయలు కదిలాయి. పైడమ్మ తన ఛాయను ఎన్నడూ చూడలేదు. ఏది తనదో ఎవరూ చూపించలేదు. అయినా కుడిభుజం కాస్త ముందుకు తోసి, విజిల్ మెడలో ఉన్నట్టు గడ్డం ఎత్తి నడుస్తున్న గీతలబొమ్మను చూసి, “అదుగో నేను” అంది.

బొమ్మ తిరిగింది. పడింది.

పరీక్ష ఒక్కసారితో ఆగేది కాదు. గచ్చుమీద, మట్టిమీద, తడిమీద, ఇసుకమీద, ఒక్కొక్క నేలమీదా నడిపించమని పరీక్ష నెత్తినున్న గుర్తు చెబుతుంది. పడిన బొమ్మను లేపి నిలబెట్టడం, అది మళ్ళీ తిరగడం, మళ్ళీ పడడం. రత్నం ఉండబట్టలేక కుర్చీని గోడకు ఎడంగా తిప్పబోయింది.

“తిప్పకు. చూడనీ” అంది పైడమ్మ.

చూసింది. ఇసుకమీద పడడం కూడా చూసింది. అప్పుడు చక్రధర్ వైపు తిరిగి, హైస్కూలు గ్రౌండులో వినబడిన గొంతుతో అంది. “ఇంక ఆపండయ్యా. దానికి దెబ్బ తగల్దని మీకు తెలుసు. తగిలేది నాకేనని కూడా మీకు తెలుసు. తెలిసి పంపినారు. మళ్ళీ నాకే బెల్టు కట్టుకోడం రాదన్నారు!”



*

ఊతాలన్నీ వెనక్కి తీసుకున్నారు. సంఘానికి వేరే దారి లేకపోయింది. ఏ పరీక్ష నిజంగా నడిచిందో, ఏది నడవకుండానే పచ్చబడిందో మళ్ళీ మొదటినుంచీ చూడాల్సిందే. చక్రధర్‌ను కంపెనీ ఇంకో ఊళ్ళో ఇంకో పదవిలో కూర్చోబెట్టింది. ఆయన వెళ్ళేటప్పుడు పూలగుత్తి కూడా ఇచ్చారని విని రత్నం ఆ పూట అన్నం తినలేకపోయింది.

ఒకరోజు రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన చేతికర్రతో ఈడ్చుకుంటూ రత్నం గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన కండరం ఎప్పుడూ పట్టెయ్యలేదు. ఊతంతో హాయిగా నడిచాడు.

“మీ పిన్ని పడిందని నా కాళ్ళు ఊడబీకీసినారు గదమ్మా! నేనేం పాపం చేశాను?”

 ఆయన చేసిన పాపం ఏమీ లేదు. లోపలినుంచి పైడమ్మ కేకేసింది. “లోపలికి రానీవే ఆయన్ని. నిలబెట్టేసి మాట్లాడతావేటి?” ఆయన కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఇంకాసేపు తిట్టి వెళ్ళాడు. ఒక్క మాటకూ రత్నం అడ్డుచెప్పలేదు. కోపం రావాల్సినవాళ్ళ మీదికి కాకుండా తన మీదికి వస్తోందని తెలుసు. ఆ మనిషినీ తననూ ఒక గేటుకు చెరోవైపు నిలబెట్టి, వేరే ఊళ్ళో సుఖంగా కూర్చున్నవాడి మీద ఆమె కోపం ఇంకా పెరిగింది.

పైడమ్మ ఎముక అతుక్కుంది గాని, మళ్ళీ లేచి నిలబడే ఓపిక ఒంట్లో మిగల్లేదు.

పరీక్షలన్నీ సరిదిద్దే బాధ్యత సంఘం రత్నానికే అప్పగించింది. ఆమె ముందు చేసిన పని @పక్కనను మార్చడం. ఇప్పుడు ఆ గుర్తు తరగతుల మీద నిలవదు, ఒక్కొక్క మనిషి మీదే పెట్టాలి. పెట్టినా, ఆ మనిషికి సంగతి చెప్పి, సరేనన్న మాట ఆ మనిషి గొంతుతోనే రికార్డు చేసేదాకా వాక్కు కొత్త ప్రోగ్రామును బయటికి కదలనివ్వదు.

“ఒక్కొక్కరికీ ఫోను చెయ్యాలంటే ఎంత పని మేడమ్!” అన్నాడు కిరీటి. “మనం వాక్కు చేసుకున్నదే సులువు కోసం కదా.”

“కొన్ని కష్టంగానే ఉండాలి కిరీటీ. కూర్చో. మనం పక్కన పెట్టినవాళ్ళందరికీ ముందు చెప్పాలి. ఫోను కలుపు.”

మొదట కలిసింది గౌరునాయుడికి. పలాస దగ్గర పల్లెటూరు. జీడిపప్పు కార్ఖానాలో మేస్త్రీగా ఉండేవాడు. ఊతం కట్టుకున్నంతకాలం అదృష్టం బాగుండి పడలేదు. గొంతు నిండా ఆశతో మాట్లాడాడు.

“ఏటమ్మా, ఊతం మళ్ళీ ఇస్తన్నారేటి?”

“ఇంకా లేదండీ. మీకు ఒక సంగతి చెప్పడానికి చేశాను. మీ ఛాయ పడిపోయింది.”

“ఎప్పుడు?”

“కొత్త ప్రోగ్రాము మీకు పంపకముందే.”

 కిరీటి చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ముందే తెలుసా? మరప్పుడు సెప్పనేదేటి?”

ఏ జవాబు ఇచ్చినా సర్దిచెప్పినట్టే ఉంటుంది. సాంకేతిక కారణాలు అనొచ్చు. పై అధికారులు అనొచ్చు. రత్నం ఉన్నదే చెప్పింది.

“చెబితే మీరు కట్టుకోరని చెప్పలేదండీ.”

అతను తిడతాడనుకుంది. తిట్టడానికి సిద్ధపడే కూర్చుంది. అతను ఫోనుకు దూరంగా ఎవరినో పిలిచాడు.

“ఒలే, పొయ్యి కట్టీసి ఇలా రా.” మళ్ళీ ఫోనులోకి అన్నాడు. “ఉండమ్మా. నాను బయటికెళ్ళినప్పుడల్లా ఎనకాలే నడిసినాది అది, పడిపోతానేమోనని. నాను యంత్రం ఉంది గదా అని కసిరీవోణ్ణి. అది కూడా ఇనాలి.”

బల్ల జరిపిన చప్పుడు వినబడింది. గాజుల చప్పుడు వినబడింది. ఆడగొంతు దగ్గరగా వచ్చింది.

“ఆఁ, సెప్పండి. మొదట్నించీ సెప్పండి.”

రత్నం మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.